నూనె మిల్లు ఇంట్లో నువ్వులు పడని కోడలు

నాకు నువ్వులు పడవు. ఈ మూడు మాటలు మా ఇంట్లో వాళ్ళ చేత నమ్మించడానికి ఐదేళ్ళు పట్టింది. ఆ ఐదో ఏడు ప్రాణం పోయినంత పని అయింది. ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది. అయినా ఎక్కడో ఒక వంటింట్లో నాలాంటి మనిషి కంచం ముందు కూర్చొని, అందరూ హాయిగా తినేది తనకెందుకు పడదో చెప్పలేక, అబద్ధాలకోరు అనిపించుకుంటూ ఉంటుందని నాకు తెలుసు. ఆమె కోసం రాస్తున్నాను. కొంత నా కోపం దించుకోవడానికి కూడా. కోపం పోయిందని మాత్రం చెప్పను.

మాది ఇచ్చోడ. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు పత్తి, జొన్న పండించేవాడు. నేను ఆదిలాబాద్‌లో ఇంటర్ దాకా చదివాను. 1986లో నన్ను జమ్మికుంటలో ఇచ్చారు. అత్తగారి వాళ్ళది నూనె మిల్లు. పల్లీలు ఆడతారు, నువ్వులు ఆడతారు. ఇంటి పెరటి గోడకు ఆనుకొనే మిల్లు. మా ఆయన పేరు రాజేశం. ఆయన, మా బావ కలిసి మిల్లు నడిపేవారు. పొద్దున్నే మిషన్ మొదలైతే ఇల్లంతా నువ్వుల వాసన, సన్నటి దుమ్ము. ఆరేసిన బట్టలు దులిపితే దుమ్ము రాలేది. మా ఆయన అంగీ నేనే ఉతికేదాన్ని.

చిన్నప్పుడు నువ్వులుండలు ఎన్ని తిన్నానో లెక్కలేదు. పెళ్ళి పీటల మీద కూడా తిన్నాను. ఆ సంగతి తర్వాత మా అత్త వందసార్లు గుర్తుచేసింది.

1987 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పచ్చిపులుసు పోసుకొని అన్నం తింటుంటే పెదవులు దురదపెట్టాయి. పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి వేయడం మా వైపు మామూలే. కాసేపటికి మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. ఎండకు అన్నారు. చన్నీళ్ళు పోసుకున్నాను, సాయంత్రానికి తగ్గింది. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ అట్లాగే అయింది. ఈసారి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది. మూడోసారికి నాకే అర్థమైంది. మూడుసార్లూ కంచంలో ఉన్నది నువ్వుల పొడి.

అత్తతో చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"గీ ఇంట్ల నువ్వులు పడనోళ్ళు ఎవ్వరు లేరు. మీ అవ్వగారింట్ల తిన్నప్పుడు పడ్డయి, మా ఇంట్లకు రాంగనే పడకుంట అయినయా? మా నూనె పడదంటె మేం పడమన్నట్టే కద."

ఊళ్ళో నలుగురికి నూనె పోసే ఇల్లు. కోడలికి ఆ నూనె పడదని బయట తెలిస్తే నవ్వుతారని వాళ్ళ బాధ. నా గొంతు మూసుకుపోవడం కంటే ఆ బాధ పెద్దదైంది.

అప్పటి నుంచి నా కూర నేను పల్లి నూనెతో విడిగా వండుకున్నాను. మా యారాలు కమలక్కకు అది నచ్చలేదు. ఆమె మా బావ భార్య, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. వంటింట్లో రెండో పొయ్యి వెలిగిస్తే చాలు, "మహారాణి వంట మొదలైంది" అని గిన్నెలు గట్టిగా పెట్టేది. వచ్చిపోయే చుట్టాలకు నన్ను చూపించి నవ్వేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. మాటకు మాట అనేదాన్ని. మూడేళ్ళు అట్లా గడిచాయి.

1990 చివర్లో సుల్తానాబాద్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాం. వంకాయ కూరలో నువ్వులు నూరి వేశారని నాకు తెలియదు. నాలుగు ముద్దలు తిన్నానో లేదో, వాంతి అయింది. కళ్ళు బైర్లు కమ్మి పందిట్లోనే పడిపోయాను. లేచేసరికి ఎవరో మొహం మీద నీళ్ళు చల్లుతున్నారు. నా మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మా ఆయన భయపడ్డాడు. అది నేను చూశాను, కాదనను. ఇంటికి వెళ్ళాక వాళ్ళ అమ్మ వద్దంటున్నా వినకుండా నన్ను హైదరాబాద్ తీసుకువెళ్ళాడు.

అక్కడ ఒక అలర్జీ డాక్టరు దగ్గర పొద్దున ఎనిమిదికి చీటీ రాయించుకుంటే మూడింటికి పిలుపు వచ్చింది. గోడకు ఆనించిన చెక్క బల్ల మీద ఏడు గంటలు. నా పక్కన నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుంది. ఆమెకు ఉబ్బసం. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు వినపడేది. మా ఆయన చాయ్ తాగడానికి పోయినప్పుడు నా కథంతా అడిగి విన్నది.

"నయం బిడ్డా, నాకు పిల్లికూతలు వస్తయి గనుక ఇంట్లోళ్ళు నమ్ముతరు. చెవులకు ఇనబడతది కద. నీది అయ్యేటప్పుడు అయితది, పోతె పోతది. ఎవరు నమ్ముతరు?" అని నా చేయి పట్టుకుంది. "నమ్మే డాక్టరు దొరికేదాక తిరుగు. సిగ్గుపడకు."

తన చీటీ ముందుదైతే దాన్ని నాకిచ్చి, నాది తాను తీసుకుంది. నేను వద్దన్నా వినలేదు. నా జబ్బును మొదటిసారి నమ్మిన మనిషి ఆమె. పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరు నన్ను చూసింది కాసేపే. రక్తం తీశారు. బొంబాయి పంపిస్తామని, ఏ తిండికి నా రక్తంలో యాంటీబాడీలు తయారయ్యాయో అక్కడ తేలుతుందని చెప్పారు. నెల తర్వాత మళ్ళీ వెళితే కాగితం చేతిలో పెట్టారు. తొమ్మిది పేర్లు. నువ్వులు, పల్లీలు, శనగలు, కందులు, గోధుమ, వంకాయ, టమాట, చేప, కొబ్బరి. నువ్వుల పక్కన అంకె పెద్దది, మిగతావాటి పక్కన చిన్నవి. డాక్టరు ఎర్ర పెన్నుతో తొమ్మిదింటి కిందా గీత గీశాడు.

"ఇవన్నీ బంద్ చెయ్యాలి."

"అన్నీనా సార్?" అన్నాను. "పప్పు రోజూ తింటూనే ఉన్నాను. ఏమీ కాలేదు."

"రిపోర్టులో వచ్చింది కదమ్మా" అని గంట కొట్టి, తర్వాతి వాళ్ళను పిలిచాడు.

ఆ రోజు నాకు సంతోషమే అయింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. బస్సులో ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకొని, ఇంటికి పోగానే అత్త ముందు పరుస్తానని అనుకున్నాను. నా మాట నమ్మకపోతే కాగితాన్ని నమ్ముతారనుకున్నాను.

కాగితం ఇంట్లో అందరికీ చూపించాను. ఆ తర్వాత ఏడాదిన్నర నేను తిన్నది అన్నం, మజ్జిగ, బీరకాయ, సొరకాయ. పప్పు లేదు, రొట్టె లేదు, పల్లి పచ్చడి లేదు. నువ్వుల నూనె ముందే పోయింది, పల్లి నూనె కూడా పోయింది. నెయ్యితో ఇంత తాలింపు. జాకెట్లు వదులై రెండుసార్లు కుట్లు వేసుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం. జుట్టు ఊడింది. ఏ ముద్ద నోట్లో పెట్టినా, ఇందులో ఏముందోనని భయం. మంచినీళ్ళు తాగినా గొంతు తడుముకునేదాన్ని.

1992 మొదట్లో ఒకరోజు కమలక్క కాచిన చారు పోసుకొని తిన్నాను. చింతపండు చారే అనుకున్నాను. చేయి కడుక్కుని వస్తుంటే కమలక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"టమాట వేసిన అండ్ల" అంది. "మొన్న శుక్రవారం గూడ వేసిన. ఏమైంది నీకు? ఏం గాలే."

అత్త అక్కడే ఉంది. మా ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు.

"కందిపప్పు కట్టు గూడ కలిపిన ఒకపారి" అంది కమలక్క. "గా కాగితంల కంది ఉన్నది, టమాట ఉన్నది. రెండు తిన్నది, మంచిగనే ఉన్నది. కాగితం అబద్ధం, ఈమె అబద్ధం."

నిజంగానే ఏమీ కాలేదు. దద్దురు లేదు, దురద లేదు. కాగితం తప్పు చెప్పిందా? అయితే సుల్తానాబాద్ పందిట్లో పడిపోయింది ఎవరు? ఆ రాత్రంతా కాదు, ఆ నెలంతా అదే ఆలోచన. నా మీద నాకే అనుమానం వచ్చింది. భయంతోనే మొహం ఉబ్బుతుందేమో అని కూడా అనుకున్నాను. ఇంట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. రోజూ భోజనాల దగ్గర అదే మాట. మా ఆయన నన్ను వెనకేసుకొచ్చేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. తల వంచుకొని తినేవాడు.

శ్రావణంలో ఒక సోమవారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆయన మిల్లు నుంచి వచ్చాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి కంచంలో అన్నం, నేను వండిపెట్టిన బీరకాయ కూర వడ్డించి ఉన్నాయి. ఆయనే పెట్టాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆయన నాకు వడ్డించడం అదే మొదటిసారి. ఎదురుగా కూర్చున్నాడు.

"జర ఎక్కువ తిను. మస్తు బక్కగైనవ్" అన్నాడు.

నాకు సంతోషం కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. కూర కొంచెం చేదుగా, చిక్కగా తోచింది. బీరకాయ ముదిరిందేమో అనుకున్నాను. ఆయన నా చేతి వంకే చూస్తున్నాడు.

మొదట అరచేతులు దురద పెట్టాయి. తర్వాత నాలుక మందమైంది. కంచం పక్కకు జరిపి లేవబోతే కాళ్ళు నిలవలేదు. పొట్టలో మెలిపెట్టినట్టయింది. గొంతు లోపలి నుంచి ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టు మూసుకుపోతోంది. అన్నిటికంటే మించి ఒక భయం. ఇక ఇంతే అని ఒంటికి తెలిసిపోయే భయం. ఆ భయాన్ని మాటల్లో చెప్పలేను. పడినవాళ్ళకు తెలుస్తుంది.

ఆయన కదల్లేదు. ఎంతసేపో నాకు తెలియదు, కానీ ఆయన కూర్చునే ఉండడం నేను చూశాను. కేక వేసింది కమలక్క. ఆటో పిలిచింది ఆమే.

వీధి చివర నర్సింగ్ హోం. బల్ల మీద పడుకోబెట్టారు. నాకు చూపు మసకగా ఉంది, చెవులు మాత్రం వినపడుతున్నాయి. డాక్టరు నాడి పట్టుకొని, "ఏం తిన్నది? ఏమన్నా కుట్టిందా?" అని అడిగాడు.

"బీరకాయ కూర సార్. అన్నం" అన్నాడు మా ఆయన.

"ఇంకేం తినలేదా? సరిగ్గా చెప్పు."

"ఇంకేం లేదు సార్."

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి గొంతు వినిపించింది. కమలక్క. ఆటో వెనకాలే చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"నువ్వుల పొడి కలిపిండు సార్. మా మరిది కలిపిండు. నేను చూసిన. ఆమెకు నువ్వులు పడయి. నేను చూసి ఊకున్న."

డాక్టరు ఇక ఏమీ అడగలేదు. తొడకు సూది వేశాడు. కొద్ది నిమిషాల్లో గుండె దడదడ కొట్టుకుంది, చేతులు వణికాయి, ఊపిరి లోపలికి పోయింది. గాలి ఇంత తియ్యగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఇంకా కాసేపు ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు. నేను దాన్ని ఇక్కడ రాయను.

సాయంత్రం మంచం పక్కన మా ఆయన కూర్చున్నాడు.

"నీకేం గాకపోతె నీ భయం పోతదనుకున్న. ఏమన్న అయితె మా అవ్వ నోరు మూతపడతదనుకున్న. ఎట్లయినా నీ మంచికేనని చేసిన."

"నేను ఉంటనో పోతనో అనుకోలేదా?" అన్నాను. గొంతు బొంగురుపోయింది.

ఆయన నా దుప్పటి అంచు సరిచేశాడు.

"డాక్టరు అడిగితె ఎందుకు చెప్పలే?"

కూరలో కలపడం కంటే, డాక్టరు అడిగినా దాచడమే నన్ను ఎక్కువ కాల్చింది. ఇప్పటికీ అంతే.

అత్త వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. "ఇంత పని అయితదని ఎవరికెర్క" అంది. ఐదేళ్ళ నుంచి చెబుతున్న మనిషి మంచం మీద పడి ఉంటే, ఎవరికి తెలుసు అంటోంది. నేను గోడ వైపు తిరిగాను.

మూడో రోజు అవ్వ వచ్చి నన్ను ఇచ్చోడ తీసుకుపోయింది. నేను అడగకముందే ఇంట్లో ఉన్న నువ్వుల డబ్బా పక్కింటికి ఇచ్చేసింది. రోలు, పొత్రం బూడిద వేసి రెండుసార్లు తోమింది. బాపు సంతలో ఏది కొన్నా, అందులో నువ్వులు కలిశాయా అని అడిగి తెచ్చేవాడు. ఎవరూ కాగితం చూపించమనలేదు.

1993లో కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి వెళ్ళాం. నేను బల్ల మీద కాగితం పెట్టబోతే ఆమె వద్దంది.

"అది తర్వాత చూద్దాం. ముందు మీరు చెప్పండి. ఏం తిన్నప్పుడు అయింది, ఎంత తిన్నారు, ఎంతసేపటికి అయింది, ఎన్నిసార్లు అయింది. తిన్నా ఏమీ కానివి ఏమిటి?"

నేను చెబుతూ పోయాను, ఆమె రాసుకుంటూ పోయింది. బయట జనం ఉన్నా తొందరపెట్టలేదు. అన్నీ విన్నాక కాగితం తీసుకుంది.

"ఇందులో అబద్ధం లేదు పద్మగారూ. మీ రక్తంలో ఈ తొమ్మిదింటికీ యాంటీబాడీలు ఉన్నాయి. అంటే మీ ఒళ్ళు వీటిని గుర్తుపట్టిందని అర్థం. గుర్తుపట్టిన ప్రతిదాని మీదా ఒళ్ళు తిరగబడదు. పల్లీలను గుర్తుపట్టిన రక్తం దానికి దగ్గరి శనగలను చూసి కూడా గుర్తుపట్టినట్టు చూపించొచ్చు. తింటే ఏమీ కాకపోవచ్చు. ఏది మీకు నిజంగా పడదో కాగితం ఒక్కటే చెప్పలేదు. మీరు తిన్నప్పుడు ఏమైందో అదీ కలిపి చూడాలి."

"మరి నాకెందుకు మొదలైంది? చిన్నప్పుడు తిన్న కద."

"రోజూ పీల్చిన మిల్లు దుమ్ముతో మొదలై ఉండొచ్చు. కచ్చితంగా అయితే చెప్పలేను. అనుమానం ఉన్న తిండిని ఇక్కడే, మందు పక్కన పెట్టుకొని, కొంచెం కొంచెంగా తినిపించి చూస్తాం."

నాకు చర్రున మండింది. "మా ఆయన చేసింది గూడ గదే కదమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టింది. "కాదు. ఆయన మీకు చెప్పలేదు. దగ్గర సూది లేదు, డాక్టరు లేరు. పైగా మీకు పడదని మీరు చెబుతున్నదే పెట్టారు. అది పరీక్ష కాదు."

ఆ మాట నాకు మందుకంటే ఎక్కువ పనిచేసింది.

తర్వాత వారానికి ఒకటి చొప్పున తినిపించారు. అన్నిటికంటే భయపడింది పల్లీలకు. మొదట ఒక గింజలో సగం. నర్సమ్మ నా మణికట్టు పట్టుకొని గోడ గడియారం చూస్తోంది. అరచేయి దురదపెట్టినట్టయితే గుండె జారిపోయింది. "భయమమ్మా, దద్దురు లేదు. చూడు" అని నా చేయి తిప్పి నాకే చూపించింది. తర్వాత గింజ, తర్వాత రెండు, చివరికి గుప్పెడు. రెండు గంటలు కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు. పప్పన్నం తిన్న రోజు మాత్రం ఏడ్చాను. డాక్టరమ్మ ఎనిమిది పేర్లు కొట్టేసింది. నువ్వులకు ఎప్పుడు పరీక్ష అని అవ్వ అడిగితే, "దానికి అయిపోయిందమ్మా. ఇంకోసారి వద్దు" అంది.

సూది మందు గాజు బుడ్డి, సిరంజి ఎప్పుడూ దగ్గర పెట్టుకొమ్మని నేర్పింది. ఎండ తగలనివ్వొద్దు, మందు రంగు మారితే పారేయాలి, సూది వేసుకున్నా దవాఖానకు పోవాల్సిందే. ఇది చదివే వాళ్ళకు నేను చెప్పేది కూడా ఇంతే. కాగితం చూసి అన్నీ మానేసి ఎండిపోకండి. కాగితంలో ఒకటి తప్పిందని మొత్తం అబద్ధమనే వాళ్ళ చేతి కూడూ తినకండి.

మా ఆయన ఇచ్చోడకు నాలుగుసార్లు వచ్చాడు. నాలుగోసారి నేను షరతు పెట్టాను. మిల్లుకు దూరంగా వేరే ఇల్లు. మిల్లు బట్టలతో గడప దాటొద్దు. వంట నాది. ఒప్పుకున్నాడు. జమ్మికుంటలోనే బస్టాండ్ వైపు రెండు గదులు తీసుకున్నాం. అత్త ఇప్పటికీ చుట్టాలతో, "మా కోడలికి మా ఇంటి నూనె ఒకటే పడదు" అంటుందట. కమలక్క నెలకోసారి వస్తుంది. ఎవరూ చెప్పకుండానే బయట కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కొని లోపలికి వస్తుంది. ఒకరోజు నా ముందు కూర్చొని, "ముందుగాల చూసినప్పుడే చెప్పేదుండె చెల్లె" అంది. "అవును, చెప్పేదుండె" అన్నాను. ఇద్దరం చాయ్ తాగాం.

పోయిన ఏడు వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు లేవలేకపోయాను. మా ఆయన మిల్లుకు పోకుండా ఉండిపోయాడు. మధ్యాహ్నం నూకల జావ కాచి గిన్నెలో తెచ్చాడు.

"చేతులు సబ్బుతోని కడుక్కున్న. గిన్నె గూడ తోమిన. ఇగో చూడు" అని ఒక చెంచా తాను తాగాడు.

"నువ్వు తాగితె ఏం ఎర్కయితది?" అన్నాను. "నీకేం గాదు కద."

ఆయన గిన్నెను కిటికీలో పెట్టాడు. నేను గోడ పట్టుకొని లేచి వంటింట్లోకి పోయాను. నూకలు కడిగి పొయ్యి మీద పెట్టి, పీట మీద కూర్చొని కలిపాను. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. జావ ఉడికింది. ఉప్పు డబ్బా ఆయన పక్కనే ఉంది. అందివ్వబోయి, ఆగి, చేయి వెనక్కి తీసుకున్నాడు. నేనే లేచి తీసుకున్నాను.